ముందు ఈసీజీ... ఆ తర్వాతే హార్మోన్లు!

ఆడవాళ్లకి ఏ బాధ వచ్చినా చెప్పడానికి ఈ మధ్య అందరికీ ఒక మాట బాగా దొరికింది. హార్మోన్లు! తల తిరిగితే హార్మోన్లు. నిద్ర పట్టకపోతే హార్మోన్లు. పిల్లల మీద విసుక్కుంటే హార్మోన్లు. మా అమ్మమ్మ కాలంలో అన్నిటికీ 'గాలి సోకింది' అనేవాళ్లట. ఆ గాలి పోయి ఈ హార్మోన్లొచ్చాయి. అంతే తేడా.

నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. కానీ ఈ మాటే మా పెద్దక్క ప్రాణం మీదకి తెచ్చింది. అందులో నా పాపం కూడా కొంత ఉంది. అందుకే ఇది రాస్తున్నాను.

2022 సంక్రాంతికి నాలుగు రోజుల ముందు సంగతి. అక్కది తెనాలి దగ్గర పల్లెటూరు. అరిసెలకి సాయం రమ్మంటే వెళ్లాను. నేను వెళ్లేసరికి పొయ్యి ముందు పీట మీద కూర్చుని రొప్పుతోంది. ముఖమంతా చెమట. జనవరి చలిలో! "ఏంటక్కా, ఏమైంది?" అన్నాను. "ఏం లేదే. రెండ్రోజుల్నుంచీ వీపులో పట్టేసినట్టుంది. దవడ కూడా లాగుతోంది. ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టు బరువు. పిండి దంపించి జల్లించాను కదా, ఆ అలసటే" అంది. బావగారు సోడా తెప్పించారు. పక్కింటి పిన్నిగారు వచ్చి "ఈ వయసులో ఇంతేనమ్మా, ఆవిర్లు" అని తేల్చేసి వెళ్లింది.

అక్కకి అప్పటికి 49 ఏళ్లు. 38వ ఏట గర్భసంచి తీసేశారు. సాయంత్రం దగ్గర్లోని క్లినిక్‌కి తీసుకెళ్తే డాక్టరుగారు నాలుగు ప్రశ్నలడిగారు. ఆపరేషన్ మాట వినగానే ఆయనకి ధీమా వచ్చేసింది. "ఇదంతా హార్మోన్ల తేడా అమ్మా. భయపడాల్సిందేం లేదు" అంటూ గ్యాస్ బిళ్లలు, నిద్రమాత్రలు, హార్మోన్ పరీక్షలకి ఒక చీటీ రాసిచ్చారు. ఈసీజీ మాట ఆయన ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. డిగ్రీలు చదివినదాన్ని, బళ్లో పిల్లలకి లెక్కలు చెప్పేదాన్ని, ఆ చీటీ పట్టుకుని మర్నాడు పొద్దున్నే పరగడుపున అక్కని లాబ్‌కి తీసుకెళ్లాను. ఏదో గొప్ప పని చేసినట్టు!

రిపోర్టు ఆ తర్వాతి రోజు సాయంత్రం వచ్చింది. ఎఫ్ఎస్‌హెచ్ బాగా ఎక్కువ, ఈస్ట్రోజెన్ బాగా తక్కువ. "చూశావా, నిజంగా హార్మోన్లే" అనుకుని అందరం ఊపిరి పీల్చుకున్నాం. భోగి రోజు తెల్లవారుజామున, వీధిలో మంటలు వేస్తుండగా అక్క వాంతి చేసుకుని పడిపోయింది. 108లో గుంటూరు తీసుకెళ్లాం. గుండెకి రక్తం తీసుకెళ్లే ప్రధానమైన నాళం మూసుకుపోయింది. స్టెంటు వేసి బతికించారు. కానీ అప్పటికే గుండె కండరంలో కొంత భాగం చచ్చిపోయింది. మామూలుగా 55 శాతం పైన ఉండాల్సిన పంపింగ్, 35కి పడిపోయింది.

తర్వాత ఒకరోజు ఆ హార్మోన్ రిపోర్టు మళ్లీ తీసి చూశాను. అప్పుడు వెలిగింది నా బుర్రకి. పదకొండేళ్ల కిందట ఆపరేషన్‌లో గర్భసంచితో పాటు రెండు అండాశయాలూ తీసేశారు. పాత డిశ్చార్జి కాగితంలో ఆ సంగతి స్పష్టంగా రాసుంది. అండాశయాలే లేని మనిషికి ఈస్ట్రోజెన్ తక్కువ ఉండక ఎక్కువెలా ఉంటుంది? ఉత్తరం అందిందో లేదో చూడటానికి అసలు ఇల్లే లేని వీధికి వెళ్లినట్టయింది మా పని. మాకు ముందే తెలిసిన విషయాన్ని డబ్బులిచ్చి తెలుసుకుని, తెలియాల్సిన దాన్ని వదిలేశాం.

అసలు తెలియాల్సిందేమిటి? గుండె కండరం దెబ్బతింటోందా లేదా అన్నది. దాన్ని చెప్పే రక్తపరీక్ష పేరు ట్రోపోనిన్. ఇది హార్మోన్ కాదు. గుండె కండరంలో ఉండే ఒక ప్రొటీను. కండరం దెబ్బతింటే అక్కణ్ణుంచి రక్తంలోకి కారుతుంది. నొప్పి మొదలైన కొత్తలో ఒకసారి చూసి బాగానే ఉందంటే సరిపోదు. కొన్ని గంటల తేడాతో రెండోసారి చూడాలి. దాని కంటే ముందు ఈసీజీ. ఛాతీ నొప్పితో వచ్చిన మనిషికి పది నిమిషాల్లోపు ఈసీజీ తీసి చూడాలన్నది ప్రపంచమంతా డాక్టర్లు ఒప్పుకున్న నియమం. మా అక్క విషయంలో అది జరగడానికి మూడు రోజులు పట్టింది.

"అది పల్లెటూరు కాబట్టి" అనుకుంటున్నారేమో! అమెరికాలో 55 ఏళ్లలోపు గుండెపోటు వచ్చిన రెండు వేల మంది ఆడవాళ్లని, వెయ్యికి కాస్త తక్కువ మంది మగవాళ్లని ఆసుపత్రిలో ఉండగానే పలకరించి అధ్యయనం చేశారు. 'వర్గో' అని దాని పేరు. 2018లో ఆ ఫలితాలు వచ్చాయి. గుండెపోటుకి ముందే ఇలాంటి బాధతో డాక్టరు దగ్గరికి వెళ్లామని చెప్పినవాళ్లలో, 'ఇది గుండె సంబంధం కాదు' అని డాక్టరు అనుకున్నట్టు చెప్పిన ఆడవాళ్లు 53 శాతం. మగవాళ్లలో అది 37. చూశారా! అక్కడా ఇదే కథ.

ఆ అధ్యయనంలోనే ఇంకో విషయం ఉంది. 'ఆడవాళ్లకి గుండెపోటొస్తే ఛాతీ నొప్పి ఉండదు, అందుకే కనిపెట్టలేం' అంటుంటారు కదా, అది పూర్తిగా నిజం కాదు. నూటికి 87 మంది ఆడవాళ్లకి ఛాతీలో నొప్పో, బరువో, బిగుతో ఉంది. మగవాళ్లకీ దాదాపు అంతే. తేడా ఎక్కడంటే, దానితో పాటు దవడ నొప్పి, ఆయాసం, వికారం, గుండె దడ అంటూ ఇంకో మూడు బాధలు చెప్పేవాళ్లు ఆడవాళ్లలో ఎక్కువ. మనం అన్నీ చెబుతాం. వినేవాళ్లు తమకి సులువుగా తోచినదాన్ని పట్టుకుంటారు. మా అక్క కూడా ఛాతీ మీద బరువు అని చెప్పింది. వీపు నొప్పి మధ్యలో, పిండి జల్లించడం మధ్యలో చెప్పింది. అంతే.

ఇక ట్రోపోనిన్ పరీక్షలోనూ మనకి ఒక చిన్న అన్యాయం జరిగింది. మామూలుగానే ఆడవాళ్ల రక్తంలో ఇది మగవాళ్ల కంటే తక్కువ ఉంటుంది. కానీ చాలాకాలం ఇద్దరికీ ఒకే గీత గీసి, అది దాటితేనే గుండెపోటు అన్నారు. స్కాట్లండులోని ఎడిన్‌బరో డాక్టర్లు సున్నితమైన పరీక్ష ఒకటి తీసుకుని ఆడవాళ్లకి 16, మగవాళ్లకి 34 అని వేర్వేరు గీతలు గీసి చూశారు. 2015లో ఆ లెక్కలు వచ్చాయి. అనుమానంతో చేరిన ఆడవాళ్లలో పాత పద్ధతిలో నూటికి 11 మందికే గుండెపోటు అని తేలితే, కొత్త గీతతో 22 మందికి తేలింది. సరిగ్గా రెట్టింపు! మగవాళ్లలో 19 కాస్తా 21 అయింది. లెక్కల టీచర్ని కాబట్టి చెబుతున్నాను, గీత ఎక్కడ గీశామన్నదాన్ని బట్టే లెక్కలోకి ఎవరొస్తారు, ఎవరు జారిపోతారన్నది ఉంటుంది. (లాబ్‌ని బట్టి, మిషన్‌ని బట్టి ఈ అంకెలు మారతాయి. ఈ 16నీ, 34నీ మీ రిపోర్టు పక్కన పెట్టుకుని చూసుకోకండి.)

అయితే హార్మోన్లకీ గుండెకీ సంబంధమే లేదా? ఉంది. చాలా ఉంది. అందుకే ఇంత గందరగోళం.

గుండెపోటు వచ్చిన ఘడియలో ఒంట్లో హార్మోన్ల గోలే గోల. అడ్రినలిన్, కార్టిసాల్ ఒక్కసారి పైకి లేస్తాయి. చక్కెర జబ్బు లేనివాళ్లకి కూడా చక్కెర పెరగొచ్చు. థైరాయిడ్ హార్మోన్లలో టీ3 అనేది తగ్గుతుంది. బాగా తగ్గినవాళ్లు కోలుకోవడం కష్టమవుతోందని కూడా డాక్టర్లు గమనించారు. కానీ ఇవన్నీ దొంగ పడ్డాక వీధిలో లేచే కేకల్లాంటివి. దొంగ పడ్డా కేకలే, పాము దూరినా కేకలే. నిమోనియా వచ్చినా కార్టిసాల్ పెరుగుతుంది, పెద్ద ఆపరేషన్ జరిగినా టీ3 తగ్గుతుంది. కేకలు విని దొంగో పామో చెప్పలేం. ట్రోపోనిన్ అంటారా, అది మన గుండె తలుపుకి విరిగిన గొళ్లెం.

ఈ కేకల్లోనే ఒకటి మాత్రం ఆసుపత్రుల దాకా వచ్చింది. ఒంట్లో నీటిని పట్టి ఉంచే వాసోప్రెసిన్ అనే హార్మోన్ తయారయ్యేటప్పుడు దానితో పాటు విడిపోయే ముక్క, పేరు కోపెప్టిన్. గుండెపోటు వచ్చిన తొలి గంటల్లో, ట్రోపోనిన్ ఇంకా పైకి రాకముందే ఇది పెరుగుతుంది. అందుకని యూరప్‌లో దీన్నీ ట్రోపోనిన్‌నీ కలిపి చూసి, రెండూ మామూలుగా ఉంటే గుండెపోటు కాదని త్వరగా ఇంటికి పంపే పద్ధతి వచ్చింది. సున్నితమైన ట్రోపోనిన్ పరీక్షలు వచ్చాక దీని అవసరం తగ్గింది. ఎలా చూసినా ఇది ఒంటరిగా సాక్ష్యం చెప్పేది కాదు. ట్రోపోనిన్‌కి తోడు వచ్చేదే.

మరి మన ఈస్ట్రోజెన్? 'ముట్లు ఆగేదాకా ఆడవాళ్లకి ఈస్ట్రోజెనే రక్ష' అని మనందరం విన్నాం. ఈ మాటని నమ్మి అమెరికాలో 1960లలో ఏం చేశారో తెలుసా? గుండెపోటు వచ్చి బతికిన మగవాళ్లకి ఈస్ట్రోజెన్ మాత్రలిచ్చి చూశారు! వాళ్లకి మేలు జరగకపోగా మళ్లీ గుండెపోట్లు, రక్తం గడ్డకట్టడాలు ఎక్కువయ్యేసరికి 1970లో పెద్ద మోతాదు, 1973లో చిన్న మోతాదు ఆపేశారు. గుండెపోటు వచ్చిన కుర్ర మగవాళ్ల రక్తంలో ఈస్ట్రోజెన్ ఎక్కువగా కనిపించిందని 1976లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. అప్పుడైనా ఆగి ఆలోచించారా? లేదు. 1990లలో ముట్లుడిగిన ఆడవాళ్లకి గుండె కోసమని ఇవే మాత్రలు విరివిగా రాశారు. 2002లో 16 వేల మందికి పైగా అమెరికన్ స్త్రీల మీద జరుగుతున్న పెద్ద పరీక్షని మధ్యలో ఆపాల్సి వచ్చింది. రెండు హార్మోన్లు కలిపి వాడినవాళ్లలో ఏడాదికి పది వేల మందిలో 37 మందికి గుండెజబ్బు వస్తే, ఉత్త మాత్ర వాడినవాళ్లలో 30 మందికే వచ్చింది. తేడా చిన్నదే. కానీ కాపాడుతుందని ఇచ్చిన మందు కదా!

ఇలా అన్నానని ఆవిర్లకి డాక్టరు రాసిచ్చిన మాత్రలు ఎవరూ మానేయొద్దు. ముట్లాగిన కొత్తలో, అవసరాన్ని బట్టి వాడటం వేరు. గుండెకి కవచమనుకుని మింగడం వేరు. ఒంట్లో సహజంగా ఉన్న హార్మోన్ చేసే పనిని బయటి నుంచి వేసుకున్న మాత్ర చేస్తుందన్న హామీ లేదు. అలాగే, రక్తంలో ఈస్ట్రోజెన్ ఎంతుందో చూసి ఈ పూట వచ్చిన నొప్పి గుండెదా కాదా అని చెప్పడం ఎవరివల్లా కాదు.

ఇక్కడ మన తెలుగువాళ్ల సంగతి ఒకటి చెప్పకుండా ఉండలేను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తమ్మీద నూటికి ముగ్గురు చిల్లర. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో ఎనిమిది మంది పైనే! దేశంలోకెల్లా మనమే ముందు. మా ఊళ్లో 'ఇంకేం చేసుకుంటావమ్మా సంచి' అని తీసేయడం పళ్లు పీకినంత తేలిక. కొందరికి అండాశయాలు కూడా పోతాయి. ఆ సంగతి చాలామందికి చెప్పరు. మా అక్కకి చెప్పలేదు. అమెరికాలో నర్సుల మీద జరిగిన పెద్ద అధ్యయనంలో, రెండు అండాశయాలూ తీయించుకుని హార్మోన్ మాత్రలు వాడనివాళ్లకి గుండెజబ్బు ముప్పు రెండింతలకి పైగా ఉందని 1987లోనే తేలింది. నలభై ఏళ్లలోపే ముట్లు ఆగిపోయిన స్త్రీని గుండెజబ్బు ముప్పు ఎక్కువున్న మనిషిగా చూడాలని 2018లో అమెరికా గుండె డాక్టర్లు తమ సూచనల్లో రాశారు. కాన్పు సమయంలో బీపీ పెరిగి గుర్రపువాతం దాకా వెళ్లినవాళ్లని కూడా ఆ జాబితాలోనే చేర్చారు.

అంటే ఏమన్నమాట? 38 ఏళ్లకే అండాశయాలు పోయాయని వినగానే ఆ డాక్టరుగారికి గుండె మీద అనుమానం పెరగాలి. ఆయనకి తగ్గింది. ఒకే సంగతిని తలకిందులుగా పట్టుకున్నారు. నాకు ఆయన మీద కోపం ఇప్పటికీ పోలేదు. మంచివాడే. చాలామందికి ఫీజు కూడా తీసుకోడు. కానీ మా బావగారు అవే బాధలు చెప్పి ఉంటే హార్మోన్ పరీక్ష రాసేవారా? 'అన్నగారూ, ముందు గుంటూరు వెళ్లండి' అనేవారు.

మనమూ తక్కువ తినలేదు. ఇంట్లో మగవాళ్లకి ఛాతీ పట్టేస్తే అర్ధరాత్రి ఆటో పిలుస్తాం. మనకొస్తే సోడా, వాము, జీలకర్ర. పండగ పనులు అయ్యాక చూద్దాంలే అంటాం. అక్క ఆ మూడు రోజుల్లో రెండు కుంచాల బియ్యపు పిండికి అరిసెలు వండింది. ఆవిడ ఆసుపత్రిలో ఉండగా ఆ అరిసెలు డబ్బాలో అలాగే ఉండిపోయాయి. ఎవరికీ తినబుద్ధి కాలేదు.

ఈ మధ్య 'మహిళల కోసం ప్రత్యేక హార్మోన్ ప్యాకేజీ' అని లాబ్‌ల ప్రకటనలు కనిపిస్తున్నాయి. పండగ తగ్గింపులు కూడా! చేయించుకోవద్దనను. థైరాయిడ్ చూపించుకోవాల్సిందే. అది తగ్గితే కొలెస్ట్రాల్ పెరుగుతుంది, గుండెకీ చేటే. కానీ ఇవన్నీ తీరుబడిగా, ఒంట్లో బాగున్న రోజున చేయించుకునేవి. దానికన్నా ముందు బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ చూపించుకుంటే గుండెకి ఎక్కువ మేలు. ఛాతీలో బరువు, చెమట, ఆయాసం, దవడకో చేతికో వీపుకో పాకే నొప్పి వచ్చిన రోజున మాత్రం ప్యాకేజీ జోలికి పోవద్దు. పరగడుపు కోసం తెల్లారేదాకా ఆగొద్దు. 108కి ఫోన్ చేసి, ఈసీజీ ఉన్న ఆసుపత్రికి వెళ్లాలి.

ఇప్పుడు మా అక్కకి డాక్టరుగారు అప్పుడప్పుడు ఒక రక్తపరీక్ష రాస్తుంటారు. ఎన్‌టీ ప్రోబీఎన్‌పీ అని నోరు తిరగని పేరు. అదేమిటని అడిగితే ఆయన చెప్పింది విని నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అది హార్మోనుకి సంబంధించిందేనట! 1988లో జపాన్ శాస్త్రవేత్తలు పంది మెదడులో ఒక హార్మోన్‌ని కనిపెట్టి మెదడు పేరే పెట్టారు. తీరా చూస్తే అది ఎక్కువగా తయారయ్యేది గుండెలో. గుండె మీద బరువు పడి గోడలు సాగినప్పుడల్లా, 'ఒంట్లో నీరెక్కువైంది, ఉప్పూ నీళ్లూ బయటికి పంపండి' అని మూత్రపిండాలకి కబురు పెడుతుంది. ఆ కబురుతో పాటు విడిపోయే ముక్కని కొలిస్తే గుండె ఎంత అలిసిపోతోందో తెలుస్తుంది. అక్కకి మొదట్లో అది వేలల్లో ఉండేది. మందులతో, ఉప్పు తగ్గించడంతో వందల్లోకి వచ్చింది. "మొత్తానికి నాది హార్మోన్ల జబ్బేనన్నమాట" అని నవ్వింది అక్క. మెట్లెక్కడానికి మాత్రం ఇప్పటికీ మధ్యలో ఆగుతుంది.

పోయినేడు శ్రావణమాసంలో నాకూ ఒక రాత్రి ఛాతీలో పట్టేసింది. నాకు 48. ముట్లు తప్పుతున్నాయి. పదకొండు గంటలకి మా ఆయన్ని లేపి ఆసుపత్రికి వెళ్లాను. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు నాడి చూస్తూ "మెనోపాజ్ వచ్చిందా ఆంటీ?" అని మొదలుపెట్టాడు. "వస్తోంది నాన్నా. అదెక్కడికీ పోదు. ముందు ఈసీజీ తియ్యి" అన్నాను. తీశాడు. రెండుసార్లు ట్రోపోనిన్ కూడా చూశాడు. తెల్లవారుజామున నాలుగింటికి అన్నీ బాగున్నాయని పంపేశారు. గ్యాసే! వాయనంలో వచ్చిన శనగలు ఎక్కువ తిన్నాను. ఆటోలో వస్తూ మా ఆయన బిల్లు చూసి నిట్టూర్చారు. నేను మాత్రం ఇంటికొచ్చి హాయిగా నిద్రపోయాను.